చల్లారని పక్క

గ్రిజెల్ ఫెయిర్లీ వంటింటి గోడలో ఒక చెక్కపడక ఉంది. తలుపులు మూస్తే బీరువా అనుకుంటారు. తెరిస్తే ఈకల పరుపు, రెండు కంబళ్ళు, ఒకే ఒక్క తలగడ. ఏడాది దాటింది, ఆ పరుపు ఒక్క పూటా చల్లారింది లేదు. తెల్లవారుతూనే అద్దెకుండే ఆర్చీ అందులోంచి లేచి వంతెన పనికి వెళ్ళిపోతాడు. అతను వీధి మలుపు తిరిగిన కాసేపటికి రాత్రి పని ముగించుకుని లాక్లన్ పడవ దిగి వస్తాడు. వేడి జావ తాగి, బూట్లు విప్పి, అదే గుంటలో ముడుచుకుంటాడు. సాయంత్రం లాక్లన్ వెళ్ళాకే మళ్ళీ ఆర్చీ రావడం. పంచుకునేది ఒకే పరుపు, ఒకే తలగడ. కానీ ఒకరి మొహం ఒకరు ఎరగరు.

క్వీన్స్‌ఫెర్రీలో ఏ ఇల్లు చూసినా అప్పుడంతే. ఫోర్త్ నది మీద రైలు వంతెన లేస్తోంది. ఈ ఒడ్డున ఒకటి, నది నడుమ దీవి మీద ఒకటి, అవతలి ఒడ్డున ఒకటి, మూడు ఇనప కొండలు చేతులు చాచి ఒకదాన్ని ఒకటి అందుకోవడానికి చూస్తున్నాయి. ఆ పనికి వచ్చిన మగవాళ్ళందరికీ ఊళ్ళో మంచాలు చాలలేదు. కోళ్ళగూడు కడిగి, సున్నం వేసి, అద్దెకిచ్చిన మహాతల్లులు కూడా ఉన్నారు. ఇంకో మనిషి ఎవరైనా వచ్చి పడక అడిగితే జనం నవ్వి తలుపు వేసుకునేవారు.

ఆర్చీ పని ఈ ఒడ్డున, పగటిపూట. లాక్లన్‌ది దీవి మీద, రాత్రిపూట. ఇద్దరూ ఇనప రేకుల్ని కలిపే రివెట్లు కొట్టేవాళ్ళే. శనివారం మధ్యాహ్నం పని కట్టేయగానే ఆర్చీ కిర్క్‌లిస్టన్‌లో అక్క ఇంటికి నడిచిపోయి, సోమవారం పొద్దున్న నేరుగా పనికే వస్తాడు. అందువల్ల ఆదివారాలు కూడా పక్క దగ్గర తగువు లేదు.

ఆ తగువంతా మాటల్లోనే ఉండేది. ఆ మాటలు మోసేది గ్రిజెల్.

"మిసెస్ ఫెయిర్లీ, ఆ కొంగగాడితో చెప్పండి," అని ఆర్చీ పొద్దున్నే మొదలుపెట్టేవాడు. ఇరవై ఏళ్ళుగా సుత్తి మోత వినీ వినీ అతని చెవులు సగం పోయాయి. తనకి వినిపించాలని కాబోలు, అందరితోనూ అరిచి మాట్లాడతాడు. "పక్క మీద ఓట్స్ రొట్టె తింటే తిననీయండి, ఆ ముక్కలు దులిపి చావమనండి. రాత్రంతా గులకరాళ్ళ మీద పొర్లినట్టుంది!"

లాక్లన్ వచ్చాక గ్రిజెల్ జావ గిన్నె ముందు పెట్టి, "పాపం, ఆయన అడిగాడయ్యా, ఆ కుర్రాడు కడుపు నిండా తింటున్నాడా అని," అనేది.

లాక్లన్‌వి పొడుగాటి కాళ్ళు, ఐలా దీవి నుంచి వచ్చిన మనిషి, ఇంకా ముప్ఫై నిండలేదు. అతనూ ఊరుకునేవాడు కాదు. "అమ్మగారూ, ఆ ఎద్దుకి చెప్పండి. నడుమ గొయ్యి తవ్వి పోతున్నాడు. అందులో పడితే పైకి రావడానికి నిచ్చెన కావాలి నాకు."

సాయంత్రం అది ఆర్చీ దగ్గరికి ఇలా చేరేది. "మీరు వెచ్చబెట్టి వెళ్ళిన చోట పడుకుంటే తల్లి ఒళ్ళో ఉన్నట్టుందిట, ఆ అబ్బాయి చెప్పమన్నాడు."

"ఆహా! అలా అన్నాడా?" అని ఆర్చీ మీసం తుడుచుకునేవాడు. మర్నాడు తలగడ గుల్లపరిచి మరీ వెళ్ళేవాడు.

మొదట్లో ఇదంతా ఇద్దరినీ నిలుపుకోవడానికే. పడవ మునిగి భర్త పోయాక ఆమెకి, అత్తగారు బెథియాకి ఆ పడకే ఆధారం. కానీ మాటలు మోస్తూ మోస్తూ గ్రిజెల్ వస్తువులు కూడా మోయడం మొదలుపెట్టింది. లాక్లన్ కాళ్ళు చలికి కొంకర్లు పోతుంటే ఊలు మేజోళ్ళు అల్లి, "ఆయన అక్కగారు అల్లిందిట, తనకి బిగుతుగా ఉన్నాయని నీకిమ్మన్నాడు," అంది. పండక్కి ఆర్చీకి చిన్న పొగాకు పొట్లం ఇచ్చి, "ఆ అబ్బాయి ఇమ్మన్నాడు," అంది. ఆర్చీ చెవుల కోసం బాతుకొవ్వు కరిగించి, అందులో గొర్రె ఉన్ని ముంచి, "లాక్లన్ వాళ్ళమ్మ చెప్పిన మందట, రోజూ పెట్టుకోమన్నాడు," అంది. లాక్లన్‌కి వచ్చే కబుర్లు పోనుపోనూ తగ్గాయి, ఆర్చీకి వచ్చేవి మాత్రం పెరుగుతూ పోయాయి. ఎందుకని ఆమె తనని తాను అడగలేదు. నలభై నాలుగేళ్ళ ఆడది, నెరిసిన జుట్టు టోపీలోకి తోసుకుని రోజుకి రెండు మార్లు ఒకే పక్క దులిపే ఆడది, అలాంటివి తనని తాను అడగదు.

మార్చి నెలలో ఒక బుధవారం సాయంత్రం ఆర్చీ బార్లీ సూపు ముందు కూచుని చెంచా ముట్టలేదు.

"ఏమైంది? ఉప్పెక్కువైందా?"

"నా జతగాడు జార్డీ పోతున్నాడండీ."

"ఎక్కడికి?"

"బర్న్‌టైలండ్‌కి. అక్కడ సారాకొట్టు నడిపే విధవరాలిని కట్టుకుంటున్నాడట. బీరు పోసుకుంటూ బతుకుతాడట, దరిద్రుడు! దేవుడిచ్చిన ఎడమచెయ్యి! బీరు పోయడానికి ఎడమచెయ్యెందుకు?"

ఆ బాధ రివెట్లు కొట్టేవాళ్ళకే తెలుస్తుంది. ఎర్రగా కాలిన రివెట్టు చల్లబడేలోగా ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి దెబ్బ వెంట ఒకరు దెబ్బ వేసి దాని తల అణచాలి. ఇద్దరూ కుడిచేతివాళ్ళయితే సుత్తీ సుత్తీ కొట్టుకుంటాయి. అందుకే ప్రతి జతలోనూ ఒకడు ఎడమచేతివాడై తీరాలి. కుడిచేతివాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఎడమచేతివాడు దొరికితే జట్లు కళ్ళకద్దుకుని దాచుకుంటాయి. ఆర్చీ, జార్డీ గ్లాస్గో ఓడల కార్ఖానాల నాటి నుంచీ జంట.

"మేస్త్రీ ఏమన్నాడు?"

"ఏమంటాడు? సోమవారం పొద్దున్నకి ఎడమచేతివాణ్ణి తెచ్చుకుంటే సరి, లేకపోతే జట్టు తీసేస్తానన్నాడు. ఎక్కడ తేను? ఉన్నవాళ్ళందరికీ జతలున్నాయి. గ్లాస్గో వెళ్ళిపోతానండీ. ఓడల పని ఎప్పుడూ ఉంటుంది." గిన్నెలోకి చూస్తూ, అంత గట్టిగా మాట్లాడే మనిషి కాస్త గొంతు తగ్గించాడు. "ఈ సూపు మాత్రం ఉండదు."

నిప్పుగూడు పక్కన ముసలి బెథియా ఆల్చిప్పలు ఒలుస్తోంది. ఆవిడ కత్తి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

గ్రిజెల్‌కి ఎడమచేతివాడు ఎక్కడున్నాడో తెలుసు. లాక్లన్ మొదటిరోజు చెంచా పట్టుకున్నప్పుడే చూసింది. దీవి మీద రాత్రి పని తగ్గించేస్తున్నారనీ, పగటి పనికి రమ్మని ఇద్దరు ముగ్గురు అడిగారనీ అతనే చెప్పాడు. ప్రతి పొద్దున్నా అదే ఏడుపు. "ఎండ చూసి ఏడాదైంది అమ్మగారూ. పగటిపని దొరుకుతుంది గానీ, రాత్రి పడుకునే చోటు ఎవరిస్తారు? నాది పగటి పక్కాయె!"

ఒక్కమాట చెబితే చాలు. ఆమె చెప్పలేదు. గురువారం కూడా చెప్పలేదు. జావ కలిపింది, పక్క దులిపింది, బట్టలు ఉతికింది, కిటికీలోంచి ఆ ఇనప కొండకేసి చూసింది. ఎవరు ఎవరో తెలియనంత ఎత్తున మనుషులు.

శుక్రవారం పొద్దున్న లాక్లన్ పడకలోకి దూరి తలుపులు మూసుకున్నాక బెథియా కుర్చీ జరుపుకుంది.

"ఏమే, ఆయన్ని పోనిస్తావా?"

"ఎవర్నత్తయ్యా?"

"రాజుగార్ని! ఎవర్నట! గొంతు తగ్గించు, ఆ పిల్లాడు నిద్రపోతున్నాడు. ఆ తలుపు తీసి 'నువ్వు ఆర్చీతో పనిచెయ్యరా' అంటే అయిపోయేదానికి రెండ్రోజులుగా గిన్నెలు తోమిందే తోముతున్నావు."

గ్రిజెల్ చేతులు తుడుచుకుని బల్ల మీద కూలబడింది. "వాళ్ళిద్దరూ ఎదురుపడితే ఏమవుతుందో తెలుసా?"

"నీ బండారం బయటపడుతుంది."

"మీకు తెలుసా?"

"ఏడాదిగా ఈ కుర్చీలోనే కదే కూచున్నాను! పొద్దున్న ఒకడు తిడతాడు, సాయంత్రానికి అది ముద్దుమాటై ఇంకొకడికి చేరుతుంది. దారిలో నువ్వొక్కదానివే ఉన్నావు మరి." ముసలావిడ పళ్ళులేని నోటితో నవ్వింది. "మేజోళ్ళు అల్లుతుంటే ఊలు పట్టుకున్నది ఎవరనుకున్నావు?"

"వాళ్ళకి తెలిస్తే నన్నేమనుకుంటారు? ఆయన ఏమనుకుంటాడు? ఈ ముసలితనంలో ఆడది వేరేవాడి పేరు చెప్పి పొగాకు కొనిస్తోందని..."

"అనుకుంటాడు. అనుకోనీ. గ్లాస్గోలో కూచుని ఏమీ అనుకోకుండా ఉండడం నీకు నయమా?"

పడక తలుపుల వెనక లాక్లన్ గురక మొదలైంది.

ఆ సాయంత్రం లాక్లన్ బూట్లు తొడుక్కుంటుంటే ఆమె ఒక్క గుక్కలో చెప్పేసింది, ఆర్చీ జట్టులో పగటి పని ఉందనీ, రేపు మధ్యాహ్నం నిద్ర మానుకుని కూచోవాలనీ. తర్వాత ఆర్చీ వచ్చాక అతనికీ చెప్పింది. "రేపు మీ అక్కగారింటికి కాస్త ఆలస్యంగా వెళ్ళండి. ఎడమచేతివాడు దొరికాడు."

"ఆఁ?"

"ఎడమచేతివాడు!" ఆమె అరిచింది.

"ఎవడు? ఎక్కడ?"

"మీ పరుపులోనే. ఏడాదిగా."

ఆర్చీ నోరు తెరుచుకుని, తలుపులు మూసి ఉన్న పడకకేసి చూశాడు. "కొంగా? కొంగ ఎడమచేతివాడా? ఇన్నాళ్ళూ చెప్పరేం?" తర్వాత మొహమంతా విప్పారింది. "అంత మంచి కుర్రాడు! కలిసి పనిచేస్తే బాగుంటుందండీ. మొట్టమొదట ఆ చెవి మందుకి థాంక్స్ చెప్పాలి."

ఆ రాత్రి గ్రిజెల్ నిద్ర గురించి చెప్పక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నం పని కట్టేసే బాకా మోగింది. లాక్లన్ తల దువ్వుకుని, మొహం రుద్దుకుని బల్ల దగ్గర కూచున్నాడు. ఆర్చీ టోపీ చేత్తో పట్టుకుని, సొంత ఇంటికి అతిథిలా తలుపు తట్టి మరీ లోపలికొచ్చాడు. ఇద్దరూ ఒకర్నొకరు పైనుంచి కిందకి చూసుకున్నారు. ఏడాదిపాటు ఒకరి గుంట ఒకరు కొలిచినవాళ్ళు.

"నువ్వు నేననుకున్నంత పొడుగు లేవు," అన్నాడు ఆర్చీ.

"మీరు అనుకున్నదాని కంటే లావున్నారు," అన్నాడు లాక్లన్.

కుడిచెయ్యి చాచాడు ఆర్చీ. లాక్లన్ ఎడమచెయ్యి చాచాడు. ఇద్దరూ నవ్వి, ఎలాగో పట్టుకుని ఊపారు. గ్రిజెల్ పొయ్యి వైపు తిరిగి, కలపక్కర్లేని సూపుని కలుపుతూ నిలబడింది.

"మొదట ఒక మాట," ఆర్చీ గొంతు సవరించుకున్నాడు. "మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. చెవులకి ఆ బాతుకొవ్వు రోజూ పెట్టుకుంటున్నాను."

లాక్లన్ బుర్ర గోక్కున్నాడు. "మా అమ్మా? మా అమ్మ నా చిన్నప్పుడే పోయిందండీ."

"పోయిందా? అయ్యో. మరి మందు..."

"ఏ మందు?"

బెథియా ఆల్చిప్పల బుట్ట ఒళ్ళోకి లాక్కుని సుఖంగా వెనక్కి వాలింది.

"సరే, మరి పండక్కి పొగాకు పంపావు కదా, అది..."

"నేను పొగ తాగను. నాకు పొగాకెలా వస్తుంది? అది సరే, మీ అక్కగారికి నేనే రుణపడ్డాను. ఈ మేజోళ్ళు లేకపోతే దీవి మీద నా వేళ్ళు ఊడిపోయేవి." లాక్లన్ కాలెత్తి చూపించాడు.

ఆర్చీ ఆ మేజోడు చాలాసేపు చూశాడు. "మా అక్కకి సూది పట్టడమే చేతకాదు."

లాక్లన్‌కి ముందు వెలిగింది. కుర్రతనం కదా, గుప్పెట నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "అమ్మగారూ! మరి 'ఆ అబ్బాయి దేవుడిచ్చిన తమ్ముడు' అని ఆయన అన్నారన్నారే?"

"నేనన్నానా అలాగని?" ఆర్చీ అరిచాడు. "రొట్టెముక్కలు దులిపి చావమన్నాను!"

"నేను మిమ్మల్ని ఎద్దన్నాను. గొయ్యి తవ్వుతున్నారన్నాను."

"తల్లి ఒళ్ళో ఉన్నట్టుందన్నావట కదరా!"

"ఎవరి తల్లి ఒళ్ళోనైనా అన్నేసి ఈకలు గుచ్చుకుంటాయా?"

గ్రిజెల్ గరిటె వదిలేసి వెనక్కి తిరిగింది. చెవులదాకా ఎర్రబడిపోయింది. "అవును. అన్నీ నేనే. మీరు పొద్దున్నే తిట్టుకునే తిట్లు మొయ్యలేక మార్చాను. తప్పే. ఇప్పుడు జట్టుగా ఉంటారో, ఒకర్నొకరు నదిలో తోసుకుంటారో మీ ఇష్టం." అని పెరట్లోకి వెళ్ళి, అప్పటికే ఎండిపోయిన దుప్పటిని మళ్ళీ పిండడం మొదలుపెట్టింది.

లోపల గొణుగుడు వినిపించింది. తర్వాత తలుపు తీసి ఇద్దరూ పెరట్లోకొచ్చారు. ఆమెని పలకరించలేదు. పక్కింటి నుంచి బొగ్గులు పగలగొట్టే సుత్తి ఒకటి అరువు తెచ్చారు, ఇంట్లోది ఒకటి. బట్టలు ఆరేసే గుంజ మొదట్లో ఊగుతున్న మేకుకి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఆర్చీ కుడినుంచి ఒక దెబ్బ వేశాడు. లాక్లన్ ఎడమనుంచి. మళ్ళీ ఆర్చీ. సుత్తులు ఒకదానికొకటి తగిలి నిప్పురవ్వ లేచింది.

"తొందరపడకు కొంగా."

"మీరే ఆలస్యం."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నెమ్మదిగా, ఒకడి సుత్తి పైకి లేస్తుండగా ఇంకొకడిది దిగుతూ. ఏదో ఒక క్షణంలో అది కుదిరింది. ఎప్పుడు కుదిరిందో గ్రిజెల్‌కి తెలీలేదు గానీ, దుప్పటి పిండడం ఆపేసి వింటున్నానని మాత్రం గమనించుకుంది. అది ఒకే మనిషి రెండు చేతులతో కొడుతున్నట్టుంది. మేకు భూమిలోకి దిగిపోయాక కూడా ఇద్దరూ కాసేపు ఆపలేదు.

"పనికొస్తాడు," ఆర్చీ సుత్తి కింద పెట్టాడు. లాక్లన్ అరువు తెచ్చిన సుత్తి ఇచ్చి రావడానికి పక్కింటికి వెళ్ళాడు.

ఆర్చీ దుప్పటి అవతలి కొస పట్టుకుని మడత వేయడానికి సాయపడ్డాడు. "ఆ బాతుకొవ్వు మందు ఎవరు చెప్పారండీ నిజానికి?"

"మా అమ్మ వాడేది." ఆమె తలెత్తలేదు. "ఏమన్నా గుణమిచ్చిందా?"

"ఆఁ?"

"గుణమిచ్చిందా అని!"

"లేదండీ. ఇంతకుముందు కంటే తక్కువే వినిపిస్తోంది." దుప్పటి కొసలు కలపడానికి దగ్గరికొచ్చాడు. "అయినా ఒక్కరోజు మానలేదు. ఎవరో ఎక్కడో నా చెవుల గురించి కూచుని ఆలోచించారు కదా, మానితే బాగుండదని." కొసలు ఆమె చేతుల్లో పెట్టి వెంటనే వదిలేయలేదు. "ఐలా దీవిలో ఎవరో ముసలావిడ అనుకున్నాను. ఈ వంటింట్లోనని తెలిస్తే రెండు పూటలా పెట్టుకునేవాణ్ణి."

ఇంతలో లాక్లన్ వచ్చేశాడు.

లోపల సూపు తాగుతుండగా అసలు చిక్కు బయటపడింది. సోమవారం నుంచి ఇద్దరిదీ పగటి పనే. అంటే ఇద్దరికీ రాత్రే నిద్ర. పడక ఒక్కటే.

"నేను నేలమీద పడుకుంటా," అన్నాడు లాక్లన్.

"ఈ రాతి నేల మీదా? వారంలో నీ ఎడమచెయ్యి పట్టేస్తుంది, నేను మళ్ళీ మొదటికొస్తాను. నువ్వు పడకలోనే ఉండు. నేను రోజూ అక్క ఇంటినుంచి నడిచొస్తాను."

"అంత దూరం నడిచొచ్చి రోజంతా సుత్తి పట్టుకుంటారా? ఇద్దరం పడదామా పోనీ?"

"నువ్వూ నేనూనా? తలుపులు మూసుకుంటాయా?"

బెథియా కత్తి బల్ల మీద పెట్టింది. ఆవిడ గొంతు సన్నం, ఆర్చీ కూచున్నది బల్లకి ఆ చివర. ఆవిడ కోడలికేసే చూస్తూ మాట్లాడింది.

"పడక ఆ పిల్లాడికిచ్చెయ్యి. ఆ పెద్దాయనకి చోటు కావాలంటే, నిన్ను పెళ్ళి చేసుకోమని నేనన్నానని చెప్పు. మనం పడుకునే పైగది మీరిద్దరూ తీసుకోండి. నేను నిప్పు దగ్గర పడుకుంటాను, నాకెలాగూ నిద్ర పట్టదు. నా కొడుకు పోయినప్పటినుంచి నువ్వు నన్ను చూసుకున్నావు. వాడేమీ అనుకోడు."

లాక్లన్ చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"ఏమంటున్నారు పెద్దమ్మగారు?" ఆర్చీ చెవి వెనక చెయ్యి పెట్టుకుని గ్రిజెల్ వైపు వంగాడు.

గ్రిజెల్‌కి వెంటనే నాలుక చివర ఇంకో మాట సిద్ధంగా వచ్చింది. సూపు ఇంకాస్త పోసుకోమంటున్నారని. ఏడాది అలవాటు. అతను ఆమె పెదవులకేసి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"పడక లాక్లన్‌కి ఇచ్చెయ్యమంటున్నారు!" ఆమె అరిచింది. "మీకు చోటు కావాలంటే నన్ను పెళ్ళి చేసుకోమంటున్నారు!"

పక్కింట్లో కిటికీ తెరుచుకున్న చప్పుడైంది.

ఆర్చీ ముసలావిడకేసి చూశాడు, ఆవిడ తల ఊపింది. గ్రిజెల్‌కేసి చూశాడు.

"అది ఆవిడ అన్న మాటేనా? దారిలో ఏమన్నా మారిందా?"

"ఒక్క అక్షరం మారలేదు."

"మరి మీ మాట?"

"నాదీ అదే," అంది ఆమె మామూలు గొంతుతో. అయినా అది అతనికి వినిపించింది.

ఆర్చీ లేచి టోపీ వెతుక్కున్నాడు. అది అతని జేబులోనే ఉంది. "అక్కకి చెప్పి రావాలి. ఇప్పుడే బయల్దేరితే చీకటి పడేలోపు చేరతాను." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు, చెవులదాకా నవ్వుతూ. "ఈ కబురు మాత్రం నేనే మోసుకెళ్తాను మిసెస్ ఫెయిర్లీ. మీచేత పంపితే కిర్క్‌లిస్టన్ చేరేసరికి మా అక్క నన్ను మహానుభావుడనుకుంటుంది."